ఆంథూరియం క్లారినర్వియం: హైదరాబాద్ ఫ్లాట్‌లో నా అనుభవం

ఆంథూరియం క్లారినర్వియం అనే ఈ వెల్వెట్ ఆకుల మొక్కను చూసినవాళ్లు ముందుగా అడిగేది తేమ గురించే. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో గాలి పెనం మీద నుంచి వచ్చినట్టు ఉంటుంది కదా, ఎలా బతుకుతుంది అని. బతుకుతుంది. పొడిగాలికి క్లారినర్వియం ఆకు అంచులు కాస్త మాడతాయి, కొత్త ఆకు వంకరపోతుంది, అంతకు మించి పెద్దగా ఏమీ కాదు. ప్రాణం తీసేది కుండీ లోపల గాలి ఆడకపోవడం. నా దగ్గర పోయినవీ, తెలిసినవాళ్ల దగ్గర పోయినవీ వేళ్లు కుళ్లే పోయాయి. అందుకే ఇక్కడ ఆకుల కంటే వేళ్ల సంగతే ఎక్కువ ఉంటుంది.

దీని సొంతూరు దక్షిణ మెక్సికోలోని చియాపాస్. అక్కడి అడవుల్లో సున్నపురాయి బండల మీద, వాటి పగుళ్లలో రాలిన ఆకుల చెత్తలో వేళ్లు దించుకుని పెరుగుతుంది. వాన పడితే నీళ్లు బండ మీద నుంచి జారిపోతాయి, కాసేపట్లో వేళ్ల చుట్టూ మళ్లీ గాలి. బండలో మట్టి గుప్పెడు కూడా ఉండదు. వేళ్లు లావుగా, మొద్దుగా ఉండి పైపొర స్పాంజిలా నీటిని పీల్చి దాచుకుంటుంది. వరిమడిలో నిలబడే చేమ కూడా ఇదే కుటుంబం. కుటుంబం చూసి చేమలాగే నీళ్లు తాగుతుందనుకుంటే అక్కడే దెబ్బతింటాం.

కొనేటప్పుడు పేరు సరిచూసుకోవాలి, ఎందుకంటే ఇలాంటి ఆకులే ఉండే వేరే ఆంథూరియం జాతులు క్రిస్టలినం, మాగ్నిఫికం, వీటి సంకరాలు అన్నీ ఒకే ఫొటోతో అమ్ముడవుతాయి. క్లారినర్వియం ఆకు అట్టముక్కలా దళసరిగా, గట్టిగా ఉంటుంది. హృదయాకారంలో పైన ఉండే రెండు తమ్మెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, లేదా తాకుతూ ఉంటాయి. క్రిస్టలినం ఆకు పల్చన, మెరుపు ఎక్కువ. మాగ్నిఫికం కాడను చేతివేళ్ల మధ్య తిప్పి చూస్తే అంచులు తెలుస్తాయి, అడ్డంగా కోస్తే చతురస్రంలా ఉంటుంది. క్లారినర్వియం కాడ గుండ్రం. చిన్న మొక్కల్లో ఈ తేడాలన్నీ స్పష్టంగా కనిపించవు. మూడంగుళాల ఆకు చూపించి ఇది ఫలానాదే అని ఒట్టేసి చెప్పేవాళ్లను నేను నమ్మను.

విదేశం నుంచి తెప్పించే ఆలోచన ఉంటే, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు పురుగూ తెగులూ లేవన్న పత్రం) రెండూ కావాలి. ఇవేవీ లేకుండా పార్సిల్‌లో వచ్చే మొక్కకు కాగితాలే కాదు, దానితో వచ్చే పురుగులకు లెక్క కూడా ఉండదు. ఇప్పుడు టిష్యూకల్చర్ మొక్కలు, అంటే ల్యాబ్‌లో చిన్న కణజాలం ముక్క నుంచి పెంచినవి, దేశంలోనే తేలిగ్గా దొరుకుతున్నాయి. మొదటి మొక్కకు అదే మేలు.

టిష్యూకల్చర్ మొక్క సాధారణంగా బొటనవేలంత కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఉండలో, చుట్టూ సన్నని గుడ్డసంచితో వస్తుంది. నర్సరీ షెడ్డులో, రోజూ పొగమంచులా నీటి తుంపర పట్టే చోట ఆ ఉండ బాగానే పనిచేసింది. మన ఇంట్లో అదే ఉండ మధ్యలో తడి ఆరక, మనం చుట్టూ వేసే మిశ్రమంలోని బెరడు ముక్కలు మాత్రం ఎండిపోతాయి. పైన పొడిగా ఉంది కదా అని నీళ్లు పోస్తూ ఉంటాం, లోపల వేరు కుళ్లుతూ ఉంటుంది. కాబట్టి ఉండ విప్పాల్సిందే. గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, గుడ్డను కత్తెరతో నిలువునా చీల్చి, నీటిలోనే చేతివేళ్లతో మెల్లగా కదిలిస్తే పీట్ చాలావరకు రాలిపోతుంది. వేళ్ల సందుల్లో కాస్త మిగిలితే మిగలనివ్వండి. మొత్తం తీయాలన్న పంతంతో లాగితే వేరు పైపొర ఊడి లోపలి దారం మాత్రమే మిగులుతుంది.

మట్టి లేకుండా నాచులో చుట్టి వచ్చిన పెద్ద మొక్క అయితే ముందు వేళ్లు పట్టి చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవి తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి గట్టిగా తగులుతాయి. నొక్కితే మెత్తగా, లోపల నీళ్లున్న గొట్టంలా అనిపించేవి చచ్చినవి. వాటిని గట్టి భాగం తగిలే దాకా కోసేయాలి. చేతితో తెంపకూడదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గాని, ఈ పనిలో కత్తి గురించే ఎక్కువ పట్టించుకోవాలి. ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మధ్య బ్లేడును 70 శాతం స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇక దురద మాటకొస్తే, కందలోనూ చేమలోనూ ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ఇందులోనూ ఉంటాయి. చర్మం సున్నితంగా ఉంటే తొడుగులు వేసుకోండి. పాకే పిల్లలకు, ఆకులు కొరికే పిల్లులకు అందే ఎత్తులో కుండీ పెట్టకండి.

కోసిన తర్వాత మందు నీటిలో ముంచాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. చాలామంది చేతికి దొరికిన కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కలుపుతారు. గోధుమరంగులో జిగటగా కుళ్లిన వేళ్లలో తరచుగా ఉండేది పిథియం అనే శిలీంధ్రంలాంటి జీవి, దాని మీద కార్బెండజిమ్ పనిచేయదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న పొడిని లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పది నిమిషాలు ముంచితే కొంత ప్రయోజనం ఉంటుంది. అయితే కుళ్లు వదిలేసి మందు మీద ఆధారపడితే ఏ మందూ పనిచేయదు. కోత శుభ్రంగా ఉంటే సగం సార్లు మందు అవసరమే రాదు. ముంచినా ముంచకపోయినా, కోసిన చోటు ఆరడానికి నీడలో రెండు మూడు గంటలు వదిలేసి ఆ తర్వాతే నాటాలి.

ఇప్పుడు కుండీ మిశ్రమం. నేను కొలతకు టీకప్పు వాడతాను. పైన్ బెరడు ముక్కలు 4 కప్పులు (10 నుంచి 15 మిల్లీమీటర్ల సైజు), పెద్ద గింజ పెర్లైట్ (వేడికి పొంగించిన తెల్లని తేలిక రాయి) 2, కొబ్బరి డొక్క ముక్కలు 2, కట్టెబొగ్గు ముక్కలు 1, తుంచిన స్ఫాగ్నమ్ నాచు 1. బెరడు ఖరీదనిపిస్తే 2 కప్పులు తగ్గించి, ఆ చోట గోళీలంత పెంకు ముక్కలు వేయవచ్చు. అప్పుడు కుండీ బరువెక్కుతుంది, త్వరగా ఆరుతుంది, అంతే తేడా. మట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ పొడి ఇందులో వేయను. గుప్పెడు వర్మీకంపోస్ట్ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. అది ఆరునెలల్లో కిందికి జారి అడుగున బురదపొరగా చేరుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది.

కొబ్బరి డొక్క మన కోస్తాలో ఊరికే దొరికే సరుకే, కానీ నేరుగా వాడితే మొక్కకు ఉప్పు పెట్టినట్టే. డొక్కలో సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటాయి. కుండీలో వేశాక డొక్క మనం ఇచ్చే కాల్షియాన్ని పట్టుకుని వాటిని నీటిలోకి వదులుతుంది. కాబట్టి ముందే ఆ మార్పిడి జరిపించాలి. ముక్కల్ని మామూలు నీటిలో ఒక రోజు నానబెట్టి పారబోసి, తర్వాత లీటరుకు 3 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఇంకో రోజు ఉంచి, మళ్లీ రెండుసార్లు కడగాలి. కడిగిన నీరు టీ డికాక్షన్ రంగు నుంచి లేత పసుపుకు వచ్చే దాకా అన్నమాట. బొగ్గు అంటే మామూలు కట్టెబొగ్గు. కబాబులు కాల్చడానికి అమ్మే అచ్చుబొగ్గులో జిగురు, ఇతర పదార్థాలు ఉంటాయి, అది వద్దు. పెర్లైట్‌ను సంచిలోనే నీళ్లు చల్లి తడిపి తీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సున్నపురాయి మీద పెరిగే మొక్క కదా, సున్నపురాయి వేయాలా? మనకు దానికి లోటు లేదు. ఇళ్లలో పరిచే తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాయే. బండలు పరిచేచోట కోయగా మిగిలిన చెక్కులు తెచ్చి బఠానీలంత ముక్కలు కొట్టుకోవచ్చు. రాయి మీద వెనిగర్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది, గ్రానైట్ అయితే రాదు. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోసేవాళ్లు ఐదంగుళాల కుండీకి గుప్పెడు వేస్తే నెమ్మదిగా కాల్షియం అందుతుంది, మిశ్రమం మరీ పులవదు. బోరునీళ్లు పోసేవాళ్లకు ఇది దండగ, ఆ సున్నం నీటిలోనే వస్తోంది. రాయి వేసినవాటికీ వేయనివాటికీ ఆకులో పెద్ద తేడా నాకు కనబడలేదు.

కుండీ వేళ్ల గుత్తి కంటే రెండు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పుగా ఉండాలి. అడుగునే కాకుండా పక్కలకూ చిల్లులున్న పారదర్శక ప్లాస్టిక్ కుండీ నాకు నచ్చింది. వేళ్లు కనబడతాయి, గోడ మీద ఆవిరి బిందువులు ఉన్నాయో లేదో కనబడుతుంది. మట్టికుండీ వానాకాలంలో బాగుంటుంది, వేసవిలో రోజున్నరకే ఆరిపోతుంది, పైగా గోడల్లో ఉప్పు పేరుకుని తెల్లగా పూస్తుంది. నాటేటప్పుడు కాండం పూడ్చకూడదు. వేళ్లు పుట్టే చోటు మిశ్రమం పై అంచుకు సమానంగా ఉండాలి. ఊగుతుంటే పుల్లకు కట్టండి, లోతుగా పాతకండి.

నాటిన మొదటి మూడు వారాలు మాత్రమే నేను తేమపెట్టె వాడతాను. మూతున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో కుండీ పెట్టి, అడుగున తడి పెర్లైట్ రెండంగుళాలు పోస్తే లోపల 80 శాతం పైన తేమ నిలుస్తుంది. వేళ్లు కోసిన మొక్క తాగలేదు, కాబట్టి ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని తగ్గించడమే ఈ పెట్టె పని. రోజుకు ఒకసారి రెండు నిమిషాలు మూత తీయాలి. వేళ్ల కొసలు తెల్లగానో ఆకుపచ్చగానో కదలడం కనబడ్డాక, మూతను మొదటి మూడు రోజులు ఒక వేలు మందం, తర్వాత మూడు రోజులు సగం, ఆ తర్వాత పూర్తిగా తీసేస్తాను. ఒక్కసారిగా బయటపెడితే లేత ఆకు సాయంత్రానికి వేలాడుతుంది. పెట్టెలో ఉన్నప్పుడు ఎరువు ఇవ్వను.

నీటి విషయంలో మాత్రం నిదానంగా చెప్పాలి. మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) మీటరులో 820 చూపిస్తుంది, ఆర్‌ఓ నీరు 45. ఒక పాలు బోరు, మూడు పాళ్లు ఆర్‌ఓ కలిపితే 240 దాకా వస్తుంది. అదే పోస్తాను. బోరునీరు ఒక్కటే పోస్తే రెండు నెలల్లో ఆకు అంచు గోధుమరంగులో పెళుసుగా ఎండుతుంది. నీటిలోని బైకార్బనేట్ మిశ్రమం పీహెచ్‌ను పైకి తోస్తుంది, ఇనుము అందక కొత్త ఆకు ఈనెల మధ్య పాలిపోతుంది. ఆర్‌ఓ ఒక్కటే పోస్తే ఆ మచ్చలుండవు గాని కాల్షియం చాలక కొత్త ఆకు ముడతలు పడి, విచ్చుకునేటప్పుడు చిరుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉప్పు బస్తాలు పోసే సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. టీడీఎస్ తగ్గదు, సబ్బు నురగ మాత్రం బాగా వస్తుంది. వాననీళ్లు అన్నిటికంటే మంచివి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి, అయితే ఏసీ సర్వీసు చేయించిన వారం రోజులు ఆ నీళ్లు పట్టను. కాయిల్ కడిగిన మందు అందులో దిగుతుంది.

ఎప్పుడు పోయాలి అన్నదానికి వారానికి ఇన్నిసార్లు అన్న లెక్క పెట్టుకోకండి. వంటింటి తూకం చాలు. నా ఐదంగుళాల కుండీ నీళ్లు పోసి కారిపోయాక 640 గ్రాములు ఉంటుంది, 500కు దిగినప్పుడు మళ్లీ పోస్తాను. మే నెలలో ఆ దిగుడుకు మూడు నాలుగు రోజులు పడుతుంది, జులై–ఆగస్టుల్లో ఎనిమిది తొమ్మిది రోజులు, డిసెంబరులో పది దాకా. మీ కుండీకి మీ అంకెలు వేరు. వారం రోజులు తూచి రాసుకుంటే చేతికే అలవాటవుతుంది. తర్వాత తూకం అక్కర్లేదు, ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. పోసినప్పుడు కుండీ అంతా తడిసి అడుగు నుంచి ధారగా కారాలి. అరకప్పు చిలకరిస్తే బెరడు ముక్కల పక్క నుంచి జారిపోయి మధ్యలో పొడిగానే మిగులుతుంది. కింద పళ్లెంలో నిలిచిన నీరు పావుగంటలో పారబోయాలి.

వేసవిలో ఇంకో చిక్కు. మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. కుళాయి తిప్పి నేరుగా పోస్తే వేళ్లు ఉడుకుతాయి, ఆ దెబ్బ వారం తర్వాత ఆకులు పసుపెక్కినప్పుడు గాని తెలియదు. రాత్రే బకెట్‌లో పట్టి ఉంచుకుని పొద్దున పోయాలి.

గాలిలో తేమ గురించి ఇప్పుడు చెప్తాను. శాతం ఒక్కటే చూస్తే పొరపాటు. మొక్కకు తెలిసేది గాలి ఎంత నీరు గుంజుతోందన్నదే. 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్నా, 24 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్నా ఆ గుంజుడు దాదాపు ఒక్కటే, ఒత్తిడి కొలతలో చెప్పాలంటే 1.5 కిలోపాస్కల్ చొప్పున. అదే 60 శాతం 34 డిగ్రీల దగ్గర ఉంటే గుంజుడు 2.1కి పెరుగుతుంది. అందుకే ఏసీ గది పొడిగా అనిపించినా, మే మధ్యాహ్నం వేడి హాలు కంటే అక్కడే మొక్క హాయిగా ఉంటుంది. ఏసీ గాలి నేరుగా ఆకు మీద కొట్టకుండా చూసుకుంటే చాలు. కూలర్ ఉన్న గది కూడా మంచిదే, ఎదురుగా కాకుండా పక్కకు పెట్టాలి. స్ప్రే సీసాతో ఆకుల మీద నీళ్లు చల్లడం నేను మానేశాను. పది నిమిషాల్లో ఆరిపోయే తేమ వల్ల మేలు లేదు, వెల్వెట్ ఆకు మీద సున్నపు మరకలు మాత్రం మిగులుతాయి, వానాకాలంలో తెగుళ్లు వాలతాయి.

వెలుతురు విషయానికొస్తే, తూర్పు కిటికీకి రెండడుగుల లోపల పెడితే పొద్దుటి ఎండ ఎనిమిది దాకా తగిలినా నష్టం లేదు. పడమటి ఎండ పల్చటి తెర లేకుండా తగిలితే ఒక్క మధ్యాహ్నానికే ఆకు మీద తెల్లని మచ్చ పడుతుంది, అది తిరిగి పచ్చబడదు. కిటికీ సరిగ్గా లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ ఆకులకు పైన కట్టి రోజుకు 12 గంటలు వేయండి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఆకు ఎత్తులో 8,000 నుంచి 10,000 చూపిస్తే సరిపోయినట్టే. 3,000 దగ్గర కూడా మొక్క ఉంటుంది గాని కాడలు సాగుతాయి, ఆకు చిన్నదవుతుంది, ముఖ్యంగా కుండీ ఆరడం ఆలస్యమవుతుంది. చీకటి మూలలో కుళ్లు ఎక్కువ రావడానికి కారణం అదే. చలికాలంలో రాత్రి గది 15 డిగ్రీలకు దిగితే పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడు నీళ్లూ ఎరువూ తగ్గించుకోవాలి, హీటర్లేమీ వద్దు.

కొత్త ఆకు సన్నని పొరతొడుగు లోంచి ఎర్రమట్టి రంగులో బయటికొస్తుంది. విచ్చుకోవడం మొదలయ్యాక మూడు నాలుగు వారాల్లో లేత ఆకుపచ్చగా, ఆపైన ముదురుగా మారి గట్టిపడుతుంది. ఆ నెల రోజులు దాన్ని ముట్టుకోకండి. ఎంత బాగుందో అని వేలితో నిమిరితే ఆ చోట జీవితాంతం మచ్చ ఉంటుంది. కుండీ చోటు మార్చకండి, పక్క ఆకు కాడ దానికి రాసుకోకుండా చూడండి. తొడుగు ఎండి ఆకును పట్టేస్తే, తడి దూదిని అరగంట చుట్టి మెత్తబడ్డాక పుల్లతో వదులు చేయవచ్చు. లాగితే ఆకు చిరుగుతుంది. వెలుతురు సరిగ్గా ఉన్న నా మొక్క ఆరేడు వారాలకు ఒక ఆకు వేస్తుంది. ఫొటోల్లో కనిపించే పన్నెండు ఆకుల మొక్కలు గ్రీన్‌హౌసులవి. ఇంట్లో ఐదారు మంచి ఆకులు నిలబెట్టడమే గొప్ప.

ఎరువుకు రైతు దుకాణంలో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది), కాల్షియం నైట్రేట్ చాలు. ఒక వారం 19-19-19 లీటరుకు అరగ్రాము, తర్వాతి వారం కాల్షియం నైట్రేట్ లీటరుకు అరగ్రాము. అరగ్రాము అంటే నత్రజని మొదటిదానితో లీటరుకు 95 మిల్లీగ్రాములు, రెండోదానితో 78 వరకు, దానితోపాటు కాల్షియం 90 పైచిలుకు. రెండూ చిక్కగా ఒకే సీసాలో కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా విరిగి అడుగున తెల్లగా కూర్చుంటుంది, మొక్కకు రెండూ దక్కవు. మూడో వారం ఉత్త నీరు. అప్పుడు కుండీ పరిమాణానికి మూడింతలు పోసి కడుగుతాను. అడుగు నుంచి కారిన నీటి టీడీఎస్ 600 దాటితే ఇంకోసారి కడగాలి. 19-19-19లో సూక్ష్మపోషకాలు ఉండకపోతే నెలకోసారి సూక్ష్మపోషకాల చీలేటెడ్ (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని) మిశ్రమం లీటరుకు పావుగ్రాము. పేడనీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు తోటలో బాగుంటాయి, గాలి కోసం కట్టిన ఈ కుండీలో మాత్రం బూజు, చిన్న ఈగలు తప్ప మిగిలేదేమీ లేదు.

ఇక పురుగులు. మిర్చి రైతును ఏడిపించే తామర పురుగే దీనికీ పెద్ద శత్రువు. కొత్త ఆకు విప్పుకోక ముందే తొడుగులో దూరి గీరుతుంది. ఆకు తెరుచుకున్నాక వెండిపూత పూసినట్టు చారలు, వాటి మీద మిరియపు పొడిలా నల్లచుక్కలు కనబడతాయి. స్పినోసాడ్ 45 ఎస్‌సీ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, ఆరు రోజుల ఎడంతో మూడుసార్లు. ఒక్కసారి కొట్టి ఆపితే గుడ్లు, మిశ్రమంలో దాగిన ప్యూపాలు మళ్లీ వస్తాయి. వేసవిలో ఎర్రనల్లి ఆకు అడుగున చేరుతుంది. తెల్లకాగితం మీద ఆకు తట్టి, పడిన చుక్కలు నడుస్తున్నాయేమో చూడండి. మొదట్లో అయితే వారానికి రెండుసార్లు ఆకు అడుగును నీళ్లతో కడిగితే తగ్గిపోతుంది. పిండినల్లికి స్పిరిట్‌లో ముంచిన దూది పుల్ల. వేపనూనె మాత్రం ఈ ఆకుల మీద వద్దంటాను. వెల్వెట్ మెరుపు ఆకు పైపొరలోని ఉబ్బెత్తు కణాల వల్ల వస్తుంది. వాటి సందుల్లో నూనె నిలిచి ఆకు జిడ్డుగా, మసకగా మారుతుంది. దుమ్ము కూడా గుడ్డతో రుద్దకుండా మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి.

భయపడాల్సింది బాక్టీరియా ఎండుతెగులు ఒక్కదానికే. 1980లలో హవాయి ఆంథూరియం పూలతోటలను దెబ్బతీసింది ఇదే. ఆకు అంచుల్లో నీళ్లు చెమర్చే రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది. అంచున నూనె మరకలాంటి తడిమచ్చ, తర్వాత అది గోధుమరంగై చుట్టూ పసుపు వలయం. ఉప్పుతో ఎండిన అంచు పెళుసుగా, ఒకే చోట ఆగి ఉంటుంది. ఇది రోజురోజుకూ లోపలికి పాకుతుంది. ఒకే ఆకుకు ఉంటే కాడతో సహా కోసి, మొక్కను విడిగా పెట్టి, ఆకులు తడవకుండా నెల చూడండి. రెండో ఆకుకూ, కాడ మొదలుకూ వస్తే సంచిలో కట్టి పారేయడమే. దీన్ని నయం చేసే మందు లేదు, ఉంచితే పక్కవాటికి అంటుకుంటుంది. వానాకాలంలో చిన్న ఫ్యాను నెమ్మదిగా తిప్పుతూ ఆకుల మధ్య గాలి కదిలేలా చేసేది ఇందుకోసమే.

ఆకు పసుపెక్కినప్పుడు చాలామంది ముందు నీళ్లే పోస్తారు. అన్నిటికంటే కింది ఆకు ఒక్కటే, అదీ పైన కొత్త ఆకు వస్తున్నప్పుడు పండితే ఆకలి, లేదా వయసు. రెండు మూడు ఆకులు ఒకేసారి పసుపెక్కి, కుండీ బరువుగా ఉంటే వేళ్లు పోతున్నాయి. కుండీ బరువుగా ఉండి ఆకులు వాడితే ఇంకా అనుమానం అక్కర్లేదు, వెంటనే బయటికి తీసి మొదట చెప్పినట్టు కోసి, నాచు పాలు పెంచకుండా కొత్త మిశ్రమంలో పెట్టాలి. కొత్త ఆకు పాతదానికంటే చిన్నగా వస్తే వెలుతురు, లేదా వేళ్లు. ఏదీ లేకపోయినా రెండేళ్లకోసారి మిశ్రమం మార్చాలి. అప్పటికి బెరడు చివికి మెత్తబడి గాలి సందులు మూసుకుపోతాయి. ఫిబ్రవరి చివర, ఎండలు ముదరక ముందు మారిస్తే వేళ్లు త్వరగా కోలుకుంటాయి.

పూత వస్తే కంకిలా పొడవుగా, ఆకుపచ్చగా వస్తుంది, చూడ్డానికి ఏమంత ఉండదు. నాలుగు ఆకుల లోపు మొక్కకైతే మొదలంటా కోసేయండి, ఆ బలం ఆకుకు వెళ్తుంది. విత్తనం కావాలంటే కంకి మీద ముందు జిగురు చుక్కలు వచ్చినప్పుడు పుప్పొడి రాయాలి. అదే కంకిలో పుప్పొడి కొన్ని రోజుల తర్వాత గాని రాదు, కాబట్టి రెండు కంకులు ఒకదాని తర్వాత ఒకటి రావాలి, లేదా పుప్పొడి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. పండ్లు నారింజరంగులో బయటికి వేలాడడానికి నెలలు పడుతుంది. గింజ ఎండితే మొలవదు, తీసిన రోజే తడి నాచు మీద పెట్టాలి.

ఓపిక తక్కువవాళ్లకు కాండం కోతే దారి. కాండం నాలుగైదు అంగుళాలు బయటికి వచ్చి, కింద ఆకులు రాలి మొక్క తాటిచెట్టులా నిలబడినప్పుడు, పై భాగంలో కాండం చుట్టూ తడి నాచు కట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టండి. నెలన్నరలో అక్కడ రెండంగుళాల వేళ్లు మూడు నాలుగు వస్తే, వాటి కింద కోసి పై ముక్కను కొత్త కుండీలో, కాసిన్ని రోజులు మూతపెట్టెలో పెట్టాలి. కింద మిగిలిన మొద్దును పారేయకండి. కోత ఆరాక దాన్ని ఉన్న కుండీలోనే, వెలుతురులో, నీళ్లు సగానికి తగ్గించి వదిలేస్తే, గది 26, 28 డిగ్రీల మధ్య ఉన్న నెలల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాలకు పాత ఆకు కాడలు రాలిన మచ్చల దగ్గర ఆకుపచ్చని మొటిమలు లేస్తాయి. ఒక్కోసారి రెండు మూడు ఒకేసారి. ఒక్కోదానికి రెండు ఆకులు, సొంత వేరు వచ్చే దాకా విడదీయవద్దు.